టెన్షన్ అని రాసే ముందు ఆ ప్లాస్టిక్ కవరు విప్పండి

కడప జిల్లాలో రోగులను చూసే డాక్టర్లందరికీ, రక్తం తీసి రిపోర్టు చేతికిచ్చే ల్యాబు వాళ్ళకు, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచొచ్చి సూది వేసే పల్లెల్లోని ఆరెంపీ అన్నలకు, జిల్లా వైద్యాధికారులకు,

నమస్కారం.

నేను మైదుకూరు పక్కన ఒక పల్లెలో జాకెట్లు కుట్టుకునే మనిషిని. నాకు 38 ఏళ్ళు, ఇంటర్ దాకా చదివాను. మీలో ఎవరికీ నేను తెలియను, తెలియాల్సిన పని కూడా లేదు. కానీ నాకు జరిగింది రేపు మీ ముందుకు వచ్చే ఇంకో ఆడమనిషికి జరగొచ్చు, అప్పుడు మీరు ఒక్క నిమిషం ఎక్కువ ఆలోచిస్తారేమోనన్న ఆశతో రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ లేఖలో చెప్పబోయే రోజు నాకు గుర్తు లేదు. 2025 ఏప్రిల్ నెలాఖరులో ఒక మంగళవారం. ఆ రోజు ఏం జరిగిందో మా పాప కొంత చెప్పింది, మా ఆయన కొంత చెప్పాడు, పక్కింటి వదిన ఇంకొంత చెప్పింది. ముగ్గురి మాటలనూ ముక్కలు కలిపి కుట్టినట్టు కుట్టుకున్నాను. ఎక్కడైనా కుట్టు వంకర పోయి ఉంటే క్షమించండి.

పెళ్ళిళ్ళ రోజులు, ఎండలు మండిపోతున్నాయి, ఇంట్లో గుడ్డలు కుప్పగా పడున్నాయి. పొద్దున పదకొండు గంటలప్పుడు నేను ఆకుపచ్చ పట్టు గుడ్డ పరుచుకుని చాక్ ముక్కతో గీతలు గీస్తున్నానంట. వెనక భాగం కత్తిరించి పక్కన పెట్టాను. కాసేపటికి మళ్ళీ వెనక భాగమే గీయడం మొదలుపెట్టాను. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న మా పాప అది చూసి, "అమ్మా, అది కోసినావు కదా" అనింది. నేను ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూసి, "ఇది ఎవరి గుడ్డ?" అన్నానంట. "నాకేం తెలుసు, కొలతలు నువ్వే కదా తీసుకున్నావు" అనింది పాప. ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ఆది జాకెట్టు ఇస్తే సరే, ఇవ్వకపోతే టేపు పెట్టి చూసి అంకెలు తలలోనే పెట్టుకునేదాన్ని. పుస్తకంలో రాసే పనే లేదు. పదిహేనేళ్ళుగా ఒక్క జాకెట్టు తేడా రాలేదు, ఆ గర్వం కూడా ఉండేది.

ఆ తర్వాత అడిగానంట: "పాపా, మీ నాయన కువైట్ నుంచి ఎప్పుడొస్తాడంట?"

మా ఆయన 2023లోనే వచ్చేశాడు. ఆ నిమిషాన నాకు ఎదురుగానే కింద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడు. ఆయన్ని చూసి, "ఎప్పుడొచ్చినావు? చెప్పనన్నా చెప్పలేదే" అని మొహం అంతా వెలిగిపోయిందంట నాకు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, నవ్వులాటకు అంటున్నాననుకున్నాడు. ఐదు నిమిషాలు కాలేదు, మళ్ళీ తలెత్తి చూశాను. "ఎప్పుడొచ్చినావు?" అదే సంతోషం, అదే గొంతు. మధ్యాహ్నం లోపల ఆయన్ని పదిసార్లు కువైట్ నుంచి దించుకున్నాను. నాలుగోసారి నుంచి ఆయన నవ్వడం మానేశాడంట.

మూతి వంకర పోలేదు. చెయ్యి పడిపోలేదు. మాట తడబడలేదు. నడిచాను, నీళ్ళు తాగాను, పాప పేరు చెప్పాను, మా పుట్టింటి ఊరు చెప్పాను, నా పెళ్ళి ఏ సంవత్సరం అయిందో కూడా చెప్పాను. కొత్తగా జరిగింది మాత్రం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. దాంతో పాటు వెనక్కి దాదాపు రెండేళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఆసుపత్రి గోడల మీద పక్షవాతం గుర్తులని బొమ్మలు వేసి ఉంటాయి కదా, మూతి, చెయ్యి, మాట, ఆ మూడూ నాకు బాగున్నాయి. అదే కొంప ముంచింది.

మొదట ఊళ్ళో ఆరెంపీ అన్న వచ్చాడు. మంచి మనిషి, మా ఇంట్లో అందరికీ ఆయనే దిక్కు. బీపీ చూసి, ఎండ దెబ్బ అని గ్లూకోజు పెట్టి, బలానికి ఒక సూది వేశాడు. ఆయన్ని నేను తప్పు పట్టను, ఆ ఎండలో ఎవరైనా అదే అనుకుంటారు. సాయంత్రం దాకా అదే పరిస్థితి ఉండేసరికి టౌనులో ఒక క్లినిక్కుకు తీసుకుపోయారు. అక్కడ సీటీ స్కాన్ రాశారు, తీశారు, నార్మల్ వచ్చింది. చదువుకున్న డాక్టరే, చీటీ మీద ఒక్క ముక్క రాసి రాత్రికి నిద్ర మాత్ర ఇచ్చి పంపించాడు. "టెన్షన్ అమ్మా, పెళ్ళిళ్ళ సీజన్ కదా, పని ఒత్తిడి. రెండు రోజులు పడుకుంటే సర్దుకుంటుంది." పక్కింటి వదిన గాలి సోకిందని చెప్పి నిమ్మకాయ దిష్టి తీసింది. నిజం చెప్పాలంటే ఆ నిమ్మకాయకూ ఆ నిద్ర మాత్రకూ పెద్ద తేడా లేదు. నిమ్మకాయకు ఫీజు తీసుకోలేదు, అంతే.

రెండు రోజులు నిజంగానే పడుకున్నాను. లేపితే లేవడం, తిని మళ్ళీ పడుకోవడం. నిద్ర మాత్ర పనిచేస్తోందని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. మూడో రోజు లేపినా సరిగా లేవకపోయేసరికి మా ఆయన భయపడి కారు మాట్లాడుకుని దూరంలో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి చేర్చాడు. ఆ ఆసుపత్రి పేరూ రాయను, ముందు పోయిన క్లినిక్ పేరూ రాయను. పేర్లు రాస్తే ఆ ఒక్కరిదే తప్పనుకుని మిగతా అందరూ పేజీ తిప్పేస్తారు.

అక్కడ ఎమ్మారై తీశారు. మెదడు లోపల, ఎడమ వైపు థాలమస్ అనే చోట ముందు భాగాన శనగ గింజంత మచ్చ. ఒక సన్నని రక్తనాళంలో గడ్డ అడ్డం పడి, రక్తం అందక అంత మేర దెబ్బతినింది. కొత్త సంగతులు లోపలికి పోయి దాచుకునే దారి సరిగ్గా అటు నుంచే పోతుందంట. మనిషిని మగతగా ఉంచేదీ అక్కడ తగిలిన దెబ్బే. చెయ్యీ కాలూ ఆడించే దారి వేరు, అందుకే అవి బాగున్నాయి. ఇంత చిన్న దెబ్బ మొదటి గంటల్లో సీటీలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో అయితే చాలావరకు దొరికిపోతుంది. కాబట్టి సీటీ నార్మల్ అంటే మెదడుకు ఏమీ కాలేదని కాదు. ఇది నాకు కొత్త, మీకు కొత్త కాదు కదా? మరి ఎందుకు పంపించేశారు?

గడ్డ వల్ల వచ్చే పక్షవాతమైతే, అర్హత ఉన్నవాళ్ళకు గడ్డ కరిగించే మందు 4.5 గంటల లోపు ఇవ్వాలంట. నా 4.5 గంటలు గ్లూకోజు సీసా కింద బొట్టు బొట్టుగా కారిపోయాయి. నాకు ఆ మందు ఇచ్చేవాళ్ళో లేదో నేను చెప్పలేను, కానీ ఇవ్వాలా వద్దా అని ఆలోచించే అవకాశం కూడా ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పెద్ద ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. అందరూ ఎమ్మారై ఫిల్ము పట్టుకుని చూస్తుంటే, ఆమె మాత్రం నా మంచం పక్కన కూర్చుని అడిగింది: "అక్కా, నీకు కడుపులు ఏమైనా పోయినాయా?"

తలకు జబ్బు వస్తే కడుపుల సంగతి ఎందుకని మా ఆయన కొంచెం విసుక్కున్నాడంట. నేను మాత్రం చెప్పాను, పాత సంగతులు నాకు బాగానే గుర్తున్నాయి కాబట్టి. పాప 2009లో పుట్టింది. 2012లో ఐదో నెలలో ఒక కడుపు పోయింది, బిడ్డ లోపలే చనిపోయి ఉంది. 2014లో ఇంకొకటి, పదకొండో వారంలో. డాక్టరమ్మ తర్వాత అడిగింది: తలనొప్పులు ఉన్నాయా, కాలు ఎప్పుడైనా వాచిందా, రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని ఎవరైనా అన్నారా. ఆ తర్వాత నా చీర మోకాలి పైకి జరిపి తొడల మీద చర్మం చూసింది. చలికాలంలో నాకు అక్కడ నెట్టు గుడ్డ పరిచినట్టు ఊదారంగు గళ్ళు వస్తాయి. అందరికీ వస్తాయేమో అనుకునేదాన్ని. "పాత కాగితాలు ఏమున్నా అన్నీ తెప్పించు" అనింది.

మన ఇళ్ళలో ప్రతి మనిషికీ ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది, బట్టల షాపులో ఇచ్చినది, పాత రిపోర్టులన్నీ అందులో. నాదీ వచ్చింది. డాక్టరమ్మ మంచం మీదే కాగితాలు సంవత్సరాల వారీగా పరిచింది, నేను గుడ్డ ముక్కలు పరుచుకున్నట్టు. 2019లో ప్లేట్‌లెట్లు 90 వేలు, పైన పెన్నుతో "డెంగ్యూనా?" అని రాసుంది, డెంగ్యూ పరీక్షేమో నెగెటివ్. అదే సంవత్సరం ఎడమ పిక్క వాచి పది రోజులు నడవలేకపోతే ఇచ్చిన నొప్పి మాత్రల చీటీ. 2021లో పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అనుకున్నప్పుడు చేసిన రక్తపరీక్ష. అందులో ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం, ఎక్కువ వచ్చింది. నీకు రక్తం గడ్డకట్టడం లేదు, కోస్తే రక్తం ఆగదు అని ఆ ఆపరేషన్ వాయిదా వేశారు.

రక్తం గడ్డకట్టదని చెప్పిన మనిషికే మెదడులో రక్తం గడ్డకట్టింది. చదివేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, ఎందుకంటే ఆ కాగితం చూసిన వాళ్ళెవరూ ఆగలేదు.

ఇంకొక కాగితం ఆ కవరులో లేదు. దాని గురించి రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. రాస్తాను.

2014లో నెల తప్పినప్పుడు అందరికీ చేసే పరీక్షల్లో వీడీఆర్‌ఎల్ అనేది నాకు పాజిటివ్ వచ్చింది. రిపోర్టు ఇచ్చే ఆమె గొంతు తగ్గించి, "మీ ఆయన యాడ పనిచేస్తాడమ్మా?" అని అడిగింది. కువైట్ అన్నాను. ఆమె పక్కామె వైపు చూసింది. ఆ చూపు నాకు ఈ రోజుకీ గుర్తుంది, నా జ్ఞాపకాల్లో ఏది పోయినా అది పోదు. సుఖవ్యాధి అన్నారు. సూదులు వేశారు. మా ఇంట్లో గోడలకు చెవులు కాదు, నోళ్ళున్నాయి. సాయంత్రానికి మా అత్తకు తెలిసింది. ఫోనులో మా ఆయనతో గొడవ. ఆయన అక్కడ పరీక్ష చేయించుకున్నాడు, ఆయనకు ఏమీ లేదు. అయ్యో, ఆయనకు ఉన్నా బాగుండేదని అనుకున్న రోజులున్నాయి. ఎందుకంటే ఆయనకు లేదంటే వేలు ఎటు తిరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నాలుగు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. కడుపు పోయినప్పుడు కూడా ఫోను రాలేదు. "ఆ జబ్బు వల్లనే పోయింది" అని మా అత్త వీధి అరుగు మీద కూర్చుని అనింది, నాకు వినపడాలనే అనింది.

ఆ కాగితాన్ని నేను ట్రంకు పెట్టె అడుగున పరిచిన న్యూస్ పేపరు కింద దాచాను. చించేయలేదు. నేను తప్పు చేయలేదని ఎప్పటికైనా ఎవరైనా దాన్ని చదివి చెబుతారేమోనని.

పదకొండేళ్ళ తర్వాత, పొద్దున ఏం తిన్నానో చెప్పలేని నేను, ఆ కాగితం ఎక్కడుందో మాత్రం మా ఆయనకు టకటకా చెప్పానంట. ఆయన ఊరికి పోయి తెచ్చాడు. డాక్టరమ్మ దాన్ని చూసి, "ఇది ఒక్కటి అప్పుడే ఎవరైనా సరిగ్గా చదివి ఉంటే..." అని ఆగిపోయిందంట.

ఆమె చెప్పింది నాకు అర్థమైన మాటల్లో చెబుతాను, మీలో చదువుకున్న వాళ్ళు నవ్వుకున్నా సరే. వీడీఆర్‌ఎల్ పరీక్షలో వాడే మందులో కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. 1941లో అమెరికాలో మేరీ పాంగ్‌బోర్న్ అనే ఆమె పశువు గుండె నుంచి దాన్ని విడదీసింది. సిఫిలిస్ అనే ఆ సుఖవ్యాధి ఉన్నవాళ్ళ రక్తం ఆ పదార్థాన్ని పట్టుకుంటుంది, అందుకని పరీక్ష పాజిటివ్ వస్తుంది. కానీ సిఫిలిస్ లేకపోయినా కొందరి శరీరం అలాంటి పదార్థాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేస్తుంది. వాళ్ళకూ పాజిటివ్ వస్తుంది. ఏది నిజం, ఏది అబద్ధం అని తేల్చడానికి టీపీహెచ్‌ఏ అని ఇంకో పరీక్ష ఉంది. అది నాకు 2014లో చేయలేదు. 2025లో చేశారు. నెగెటివ్.

ఆ యాంటీబాడీల వల్ల వచ్చే జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టరు దీన్ని ఒక జబ్బుగా గుర్తుపట్టి వివరించాడు, అందుకని హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారంట. రక్తం గడ్డలు కట్టే గుణం పెరుగుతుంది. కాలి నరంలో కడితే కాలు వాస్తుంది, మెదడులో కడితే పక్షవాతమో, నాలాగా మతిమరుపో, ఒక్కోసారి ఫిట్సో. మాయ దెబ్బతింటే బిడ్డ లోపలే పోతుంది. కొందరికి తలనొప్పులు, కొందరికి ప్లేట్‌లెట్లు తగ్గడం. నిజం చెప్పాలంటే నాకు వీటిలో దాదాపు అన్నీ ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో సంవత్సరంలో, ఒక్కో డాక్టరు దగ్గర. ఏపీటీటీ ఎక్కువ రావడం కూడా ఇందులో భాగమే. ఆ యాంటీబాడీలు ల్యాబులో పరీక్ష గొట్టంలో రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి, ఒంట్లో మాత్రం గడ్డలు కట్టిస్తాయి. గొట్టంలో ఒక మాట, ఒంట్లో ఇంకో మాట. మన రాజకీయ నాయకులు గుర్తొచ్చారు నాకు.

తేల్చడానికి మూడు పరీక్షలు: లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీ కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్. ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు, జ్వరాలప్పుడు కూడా తాత్కాలికంగా రావచ్చు కాబట్టి 12 వారాల తర్వాత మళ్ళీ చేయాలి. రక్తం పల్చబడే మందులు మొదలయ్యాక లూపస్ పరీక్ష తికమక పెడుతుంది కాబట్టి కుదిరితే మందుకు ముందే రక్తం తీసి పెట్టాలి. నాకు అలాగే తీశారు. మూడూ వచ్చాయి. 12 వారాలకు మళ్ళీ మూడూ వచ్చాయి.

మా అత్తకు చదువు రాదు. మా ఆయన టీపీహెచ్‌ఏ రిపోర్టు చదివి, అర్థం విప్పి చెప్పాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నాకు నెయ్యి రెండు గరిటెలు పోసిందంట. మా ఇంట్లో క్షమాపణలు అంతకు మించి ఉండవు. ఇది కూడా పాప నోటు పుస్తకంలో రాసిపెట్టింది కాబట్టి తెలుసు, ఆ నెల నాకు ఏ సంగతైనా ఇంకా సగమే గుర్తు నిలబడేది.

సరే, మీకు నేను చెప్పదలుచుకున్నది చెబుతాను. ఒక్కసారిగా మతిమరుపు వచ్చిన ప్రతి మనిషికీ ఈ జబ్బే అని నేను అనడం లేదు. షుగరు పడిపోయినా అలా అవుతుంది, అది వేలి మీద ఒక చుక్కతో నిమిషంలో తెలుస్తుంది, ముందు అది చూడండి. ఫిట్సు వచ్చి పోయినా, తలకు దెబ్బ తగిలినా, మెదడుకు జ్వరం ఎక్కినా అవుతుంది. యాభై దాటిన వాళ్ళకు కొన్ని గంటలు ఇలాగే అడిగిందే అడుగుతూ ఉండి, 24 గంటల లోపు తనంతట తానే సర్దుకునేది కూడా ఒకటుందని డాక్టరమ్మ చెప్పింది, దానికి భయపడాల్సింది పెద్దగా లేదంట. కానీ ఏది ఏదో తేల్చాల్సింది మీరు. వయసులో ఉన్న మనిషి నిన్నటిదాకా బాగుండి ఈ పూట ఉన్నట్టుండి మర్చిపోవడం మొదలుపెడితే, దానికి టైము ఉంటుంది. "పదకొండింటికి మొదలైంది" అని మా పాప చెప్పగలిగింది. టెన్షన్ పదకొండింటికి మొదలు కాదు సార్. గంట చెప్పగలిగినంత ఉన్నట్టుండి వచ్చిందంటే రక్తనాళం సంగతి ఆలోచించండి.

ఆరెంపీ అన్నా, నీకు నేను చెప్పేది చిన్నది. షుగరు చూడు, ఎన్ని గంటలకు మొదలైందో చీటీ మీద రాయి, 108కు ఫోన్ చేయించు. సీసా పెట్టి కూర్చోవద్దు. ఇంకొకటి, ఇప్పుడు నేను రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి నడుముకు నొప్పి సూది వేయొద్దు, కండలో రక్తం చేరి గడ్డలా నిలిచిపోతుంది. నువ్వు అడగకుండా వేస్తావు, నేను మొహమాటానికి వేయించుకుంటాను, అదీ మన ఇద్దరి సమస్య.

ల్యాబుల్లో, గర్భిణులకు పరీక్షలు చేసే చోట ఉండే అక్కలకు: వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వస్తే వైద్యం ఆపమని నేను అనను. సిఫిలిస్ నిజమైతే బిడ్డకు ప్రమాదం, అది నాకూ తెలుసు. సూది వేయండి. కానీ మొగుడు ఎక్కడున్నాడని అడిగే ముందు, ఇది తప్పుగా కూడా రావచ్చు, ఇంకో పరీక్షతో తేలుతుంది అనే ఒక్క వాక్యం గట్టిగా, మామూలు గొంతుతో చెప్పండి. గొంతు తగ్గించి చెబితే రహస్యం కాపాడినట్టు కాదు, నేరం మోపినట్టు. మన జిల్లాలో ఎన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు కువైట్‌లోనో సౌదీలోనో ఉన్నారో మీకు తెలుసు, ఆ ఇళ్ళల్లో ఈ ఒక్క కాగితం ఏం చేస్తుందో కూడా తెలుసు. టీపీహెచ్‌ఏ నెగెటివ్ వచ్చి, దానితో పాటు కడుపులు పోయిన చరిత్ర ఉంటే పెద్ద డాక్టరుకు చూపించమని రాసివ్వండి. ముందే తెలిస్తే కడుపుతో ఉన్నప్పుడు గడ్డలు కట్టకుండా ఆస్పిరిన్ మాత్ర, హెపారిన్ సూదులు ఇచ్చి బిడ్డను నిలబెడుతున్నారంట. చాలామందికి నిలబడుతోందంట. నాకు ఆ వయసు దాటిపోయింది, ఆ మాట విన్న రోజు మాత్రం చాలా సేపు ఏడ్చాను, తర్వాత మర్చిపోయి, పాప రాసింది చదివి మళ్ళీ ఏడ్చాను.

మందుల షాపుల వాళ్ళు ఈ లేఖ చదివితే వాళ్ళకూ ఒక మాట. నా దగ్గరకు జాకెట్లకు వచ్చే ఆడవాళ్ళు గృహప్రవేశమనో తిరుమల ప్రయాణమనో నెలసరి వాయిదా మాత్రలు మీ దగ్గర నోటిమాటగా కొనుక్కుపోతారు. అలాంటి హార్మోన్ మాత్రలు కొందరిలో గడ్డలు కట్టే అవకాశాన్ని పెంచుతాయి. గర్భనిరోధక మాత్రలూ అంతే. కనీసం, ఎప్పుడైనా కాలు వాచిందా, కడుపులు పోయాయా అని అడిగి ఇవ్వండి. నేను కూడా మా మరిది గృహప్రవేశానికి పది రోజులు వేసుకున్నాను.

జిల్లా అధికారులకు నా మొర ఒక్కటే. నేను జీవితాంతం వార్ఫరిన్ అనే రక్తం పల్చబడే మాత్ర వేసుకోవాలి. కొత్త రకం మాత్రలు ఉన్నాయి కానీ మూడు పరీక్షలూ పాజిటివ్ ఉన్న నాలాంటి వాళ్ళకు పాతదే మేలంట. ఆ మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. అందుకని ఐఎన్‌ఆర్ అనే పరీక్ష చేయించుకుంటూ 2కు 3కు మధ్య ఉంచుకోవాలి. మొదట్లో వారానికి ఒకసారి, ఇప్పుడు నెలకు ఒకసారి. దానికోసం కడపకు బస్సు ఎక్కాలి, రక్తం ఇచ్చి సాయంత్రం దాకా కూర్చోవాలి, ఆ రోజు మిషను తొక్కింది లేదు, పైసా వచ్చింది లేదు. గుండె కవాటం మార్పించుకున్న వాళ్ళు నాతో పాటే ఆ బెంచీ మీద కూర్చుంటారు, వాళ్ళదీ ఇదే బాధ. మండలంలో ఉన్న ఆసుపత్రిలో వారానికి ఒక్క రోజైనా ఐఎన్‌ఆర్ చేసే ఏర్పాటు చేయండి. వేలి మీద చుక్కతో చూసే చిన్న మిషన్లు కూడా ఉన్నాయి, అవి మా జబ్బువాళ్ళకు ఒక్కోసారి తప్పు చూపిస్తాయంట కాబట్టి నాకు పెద్ద పరీక్షే కావాలి, కవాటాల వాళ్ళకు అవైనా పెట్టొచ్చు.

తిండి సంగతి కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆకుకూరలు మానేయమంటారు. మాననక్కర్లేదు, వారం వారం ఒకే కొలత తినాలి, అంతే. ఒక వారం తోటకూర, గోంగూర, మునగాకు అని దంచి, ఇంకో వారం ముట్టుకోకపోతే ఐఎన్‌ఆర్ ఎగిరిపడుతుంది. ఆకుకూరను కొలిచి తినే టైలరును మా ఊళ్ళో నేనొక్కదాన్నే. ఇంకో సంగతి, విరేచనాలకు మనమందరం వేసుకునే మెట్రోనిడజోల్ మాత్ర ఈ మందు బలాన్ని పెంచేస్తుంది. అది తెలియక రెండు రోజులు వేసుకుంటే పళ్ళు తోముకునేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. వార్ఫరిన్ మీద ఉన్నానని చీటీ ఒకటి ఇప్పుడు మంగళసూత్రం గొలుసు పక్కన చిన్న సంచిలో కుట్టుకున్నాను.

ఎలా ఉన్నానంటారా? మేలు. మా ఆయన కువైట్ నుంచి వచ్చిన రోజు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు, విమానాశ్రయంలో నీలం చొక్కా ఒకటి మాత్రం కనపడుతుంది. అది నిజంగా గుర్తొచ్చిందో, ఫొటో చూసి గుర్తనుకుంటున్నానో నాకు తెలియదు. కొత్త పేర్లు నిలవవు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాను కాబట్టి పాలు ఇప్పుడు మా అత్తే కాస్తుంది. జాకెట్లు కుడుతున్నాను, చేతులకు పని గుర్తుంది. కొలతలు మాత్రం ప్రతి ఒక్కటీ పుస్తకంలో రాస్తున్నాను, తేదీతో సహా, పేరుతో సహా, ఊరితో సహా.

పాత రిపోర్టులన్నీ కూడా వరసగా పిన్ను చేసి పెట్టుకున్నాను. అన్నిటికన్నా పైన ఆ 2014 కాగితం. నెలలో మొదటి బుధవారం కడపకు వస్తాను, కవరు నా చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
మైదుకూరు పక్క పల్లె నుంచి
ఒక టైలరు

తాజా కలం: 2025 ఏప్రిల్‌లో నా దగ్గర ఆకుపచ్చ పట్టు గుడ్డ ఇచ్చి, ఆది జాకెట్టు ఇవ్వకుండా పోయిన అమ్మాయి ఎవరో గానీ, నీ గుడ్డ నా దగ్గర భద్రంగా ఉంది. ఇంటికి వచ్చి తలుపు వేసి ఉంటే తిరిగిపోయి ఉంటావు. వెనక భాగం ఒకటి ఎక్కువ గీశాను, కానీ ఇంకా కోయలేదు, జాకెట్టుకు సరిపోతుంది. వచ్చి కొలతలు మళ్ళీ ఇవ్వు తల్లీ. నీ పెళ్ళికే అయితే, ఆ పెళ్ళి అయిపోయి ఉంటుంది, కూలి ఏమీ వద్దు.